కిటికీ మారుద్దామంటే గోడ బయటపడింది

మూడేళ్ల కిందట జర్మనీలో, స్టుట్‌గార్ట్ పక్కన ఎస్లింగెన్ పాత ఊళ్లో ఇల్లు కొన్నాం. నడిచి స్టేషన్‌కి వెళ్లొచ్చు, ధర మా అందుబాటులో ఉంది. అంతకుమించి ఆలోచించలేదు. ఓక్ దుంగల చట్రం, సందుల్లో మట్టి నింపిన గోడలు. ఇక్కడివాళ్లు ఫాక్‌వెర్క్ అంటారు. మా ఇంటికి దగ్గర్లోనే, హాఫెన్‌మార్క్ట్‌లో 1328-1331 మధ్య కట్టిన ఇలాంటి ఇళ్ల వరుస ఇప్పటికీ నిలబడి ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో స్టుట్‌గార్ట్ నడిబొడ్డు బాంబులకు కూలిపోయింది గానీ ఈ ఊరు దాదాపు అలాగే మిగిలింది.

మొదటి చలికాలం కిటికీల సందుల్లోంచి గాలి కొట్టేసింది. వెంటనే ప్లాస్టిక్ కిటికీలకు ఆర్డరిచ్చి 800 యూరోలు అడ్వాన్సు కట్టేశాను. ఆ మాట చెబితే పక్కింటి పెద్దావిడ, "మరి పర్మిషన్?" అంది. సొంతింటి కిటికీకి పర్మిషనేమిటి! కానీ మా ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉంది. రాతపూర్వకంగా అనుమతి లేకుండా కిటికీ చెక్క కూడా మార్చకూడదు. కొన్నప్పుడు కాగితాల్లో చదివాను, పట్టించుకోలేదు. అడ్వాన్సు పోయింది.

ఫొటోలు, కొలతలు పెట్టి రక్షిత కట్టడాల ఆఫీసుకు దరఖాస్తు ఇచ్చాను. అక్కణ్నుంచి చూడటానికి వచ్చినాయన కిటికీని ఒక్క నిమిషం చూసి, దాని కింద గోడను వేళ్లతో తట్టడం మొదలుపెట్టాడు. ఒకచోట డొల్ల చప్పుడు. తేమ మీటరు దుంగకు గుచ్చితే 27 శాతం చూపించింది. 20 దాటితే కర్రకు బూజు పట్టే ప్రమాదం ఉందట. నాకు టెన్షన్ మొదలైంది.

తప్పు మా కంటే ముందున్న వాళ్లు చేసిన సిమెంటు పూతది. ఓక్ ఎండకీ వానకీ కాస్త ఉబ్బుతుంది, కాస్త ముడుచుకుంటుంది. సిమెంటు కదలదు. రెండింటి మధ్య వెంట్రుకంత బీట పడుతుంది, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. మట్టీ సున్నమూ అయితే ఆ తడిని మళ్లీ గాలికి వదిలేస్తాయి. సిమెంటు లోపలే బంధిస్తుంది.

అనుమతి వచ్చాక వడ్రంగి సిమెంటు ఊడగొట్టి, కుళ్లినంత మేర దుంగ చివర కోసి, పాత ఓక్ ముక్కనే అతికించి చెక్క మేకు కొట్టాడు. దుంగ మీద రోమన్ అంకెల్లాంటి గీతలు చూపించాడు. అప్పట్లో చట్రమంతా నేల మీద కూర్చి, ఏ కర్ర ఎక్కడిదో గుర్తు పెట్టుకుని, విప్పి, పైకి ఎత్తేవాళ్లట. మా ఇంట్లో ఒక గుర్తు తలకిందులుగా ఉంది. ఎవరో కుర్ర పనివాడి పొరపాటేమో!

అప్పుడు గుంటూరు నుంచి అమ్మ వచ్చి ఉంది. సందుల్లో కర్రపుల్లలు నిలబెట్టి, వాటి మధ్య బెత్తాలు అల్లి, గడ్డి కలిపిన మట్టి మెత్తుతుంటే చూసి, "ఇది మన తడిక గోడే కదరా, పేడ ఒక్కటే తక్కువ" అంది. కాసేపటికి తనూ రెండు ముద్దలు మెత్తింది. వడ్రంగి అడ్డుచెప్పలేదు.

కిటికీలు చివరికి మార్చనే లేదు. పాతవాటికి అవిసె నూనె రంగు వేసి, లోపలివైపు ఇంకో వరుస చెక్క కిటికీలు పెట్టించాం. గాలి ఆగింది.

మనమే కాపురం ఉండే రక్షిత ఇంటి మీద పెట్టిన ఖర్చులో ఏడాదికి 9 శాతం చొప్పున 10 ఏళ్లు, పన్ను కట్టాల్సిన ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. అయితే పని మొదలుపెట్టక ముందే రక్షిత కట్టడాల ఆఫీసుతో మాట్లాడుకుని ఉండాలి, సర్టిఫికెట్టూ కావాలి. కిందటి నెల బిల్లులన్నీ ఫైలు చేశాం. ప్లాస్టిక్ కిటికీల రసీదు కూడా అందులో పెట్టబోతుంటే మా ఆవిడ తీసి పక్కన పడేసింది.