రామతీర్థం దారిలో ఒక సత్రం

విజయనగరం గంటస్తంభం దగ్గరే మూడ్ పాడైంది. రామతీర్థం బస్సు ఇప్పుడే వెళ్లిపోయిందని ముగ్గురు చెప్పారు. మళ్లీ ఎప్పుడుందో ఒక్కరూ చెప్పలేదు. ఆటో అతను రానూపోనూ ఆరువందలన్నాడు. బేరమాడితే యాభై తగ్గించి, ఆ యాభై కోసం దారిలో ఇద్దరిని ఎక్కించుకున్నాడు. కోట, సంగీత కళాశాల పొద్దున్నే చూసేశాను. వాటి గురించి రాసేవాళ్లు బోలెడుమంది.

నెల్లిమర్ల దాటాక టీ కోసం ఆగిన ఊళ్లో (పేరు రాయను, ఎవరినో అన్నట్టుంటుంది) రోడ్డు పక్కనే పాత సత్రం. ముందు పొడుగాటి అరుగు, లోపల మండువా, వెనక వంటశాల, నుయ్యి. మా ఇంట్లో ఒక పెద్దాయన పూరీకి కాలినడకన వెళ్లొచ్చిన కథ చిన్నప్పుడు తెగ చెప్పేవారు. అందులో జగన్నాథుడి కంటే సత్రాల్లో వడ్డించిన పప్పుచారే ఎక్కువ. 1893-96 మధ్య ఈస్ట్ కోస్ట్ రైలుమార్గం పడేదాకా ఈ వైపు యాత్ర అంటే నడకో, ఎడ్లబండో. సత్రం లేకపోతే చెట్టుకిందే.

సత్రం కట్టినవాళ్లు దానికి మాన్యం కూడా రాసేవారు. బియ్యం, దీపానికి నూనె, పెంకులు మార్చే కూలీ అన్నీ ఆ పొలం నుంచే. ఆ రాబడి దారి తప్పడం కొత్తేమీ కాదు. 1817లోనే మద్రాసు ప్రభుత్వం ఏడో రెగ్యులేషన్ తెచ్చి, గుళ్లతో పాటు వంతెనల, సత్రాల మరమ్మతు కూడా రెవెన్యూ బోర్డు చూడాలంది. అంటే అప్పటికే మాన్యాలు తినేసేవాళ్లు, కూలిపోయే సత్రాలు ఉన్నాయన్నమాట!

ఈ సత్రం మాత్రం కూలిపోయేలా లేదు. బాగుచేస్తున్నారు, అదే నా బాధ. అరుగు గోడకి పాత సున్నం చెక్కేసి బూడిదరంగు సిమెంటు దట్టంగా పూసేశారు. దాని పైఅంచున అప్పుడే చెమ్మ గీత, తెల్లగా ఉప్పు పొంగి ఉంది. వేలితో గీకితే వెనకున్న ఇటుక పొడై రాలింది.

"ఏటి బాబూ, అలా సూస్తన్నారు?" అన్నాడు పెద్దవయసు తాపీమేస్త్రి, బీడీ ఆర్పుతూ.

సిమెంటు ఎందుకని అడిగాను. ఆయనకి నాకంటే బాగా తెలుసు. పాత గోడకి పునాదిలో అడ్డేమీ ఉండదు, నేలలో తడి పైకి లాగుతుంది. సున్నమైతే ఆ తడిని బయటికి వదిలేస్తుంది. సిమెంటు వదలదు. తడి లోపలే ఇంకా పైకెక్కి దూలం చివర్లు గోడలో దూరిన చోటికి చేరుతుంది. అక్కడ టేకైనా సరే పుచ్చుతుంది. "ఆరునెల్లు నున్నగుంటాది, ఆ తరవాత పెచ్చులే" అన్నాడు.

మరి సున్నం? గుంటలో నానబెట్టి, ఇసకతో గానుగ ఆడించి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పూయాలి. వాళ్ల నాన్న చేసేవాడట. "పలచగా ఒక పూత, ఆరాక ఇంకో పూత. మాకు రోజుకూలీ ఇస్తే సేస్తాం బాబూ, అడుగుల లెక్కన ఇస్తే ఎలా సేత్తాం?" ఎస్టిమేటులో సున్నం అనే మాటే లేదట. టైల్స్ మాత్రం ఉన్నాయట, నల్లరాతి పలకలు పరిచిన మండువా మీద!

ఆటో అతను హారన్ మీద హారన్. వెయిటింగు వంద అదనం అన్నాడు, ఇచ్చేశాను. రామతీర్థంలో దర్శనం పది నిమిషాల్లో అయిపోయింది. తిరుగుదారిలో మళ్లీ దిగి వంటశాల చూశాను. పొగచూరిన గోడలు, పొయ్యిగడ్డలు, సున్నం గట్టిగా, పొడిగా ఉన్నాయి. ఇటు ఎందుకు ముట్టుకోలేదని అడిగితే మేస్త్రి నవ్వేశాడు. మంజూరైన డబ్బు అరుగు దగ్గరే అయిపోయిందట.