పాల లెక్క, పక్కన చుక్కలు

పొద్దున్నే వంటగదిలోకి రాగానే నేను చూసేది గోడ మీది క్యాలెండర్. పాల ప్యాకెట్లు ఎన్ని వచ్చాయో మామయ్యగారు రోజూ అందులో రాస్తారు. జీవితమంతా లెడ్జర్లు రాసిన చెయ్యి, అంకెలు ముత్యాల్లా ఉంటాయి. ఈరోజు 2 వంకర తిరిగి పక్క గడిలోకి పోయింది. గుండె గుభేలుమంది.

కిందటేడు కూడా ఇలాగే మొదలైంది. రాత్రంతా మేలుకోవడం, పగలంతా జోగడం. వయసు కదా అనుకున్నాం. తర్వాత చొక్కా గుండీలు తప్పు కాజాల్లో పెట్టుకోవడం, అత్తయ్యగారిని వాళ్ళ అక్క పేరుతో పిలవడం. ఆస్పత్రిలో చేర్చాకే తెలిసింది, లివర్ జబ్బే తలకెక్కిందని. పేగుల్లో పుట్టే అమ్మోనియాని లివర్ యూరియాగా మార్చాలి, అది మూత్రంలో పోవాలి. సిర్రోసిస్‌తో గట్టిపడ్డ లివర్‌కి ఆ ఓపిక ఉండదు. పైగా కొంత రక్తం లివర్‌లోకి వెళ్ళకుండా అడ్డదారిన పోతుంది. అలా మిగిలిన అమ్మోనియా మెదడుకెక్కుతుంది. హెపాటిక్ ఎన్‌సెఫలోపతీ అట. ఇంట్లో ఆ పేరు పలకగలిగింది ఎనిమిదో తరగతి చదివే మావాడొక్కడే.

ఆయన చుక్క ముట్టని మనిషి. పాతికేళ్ళ షుగరు, ఫ్యాటీ లివర్ చేసిన పని ఇది. అయినా పలకరించడానికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు గొంతు తగ్గించి, "అలవాటుండేదామ్మా?" అని అడక్కుండా గడప దాటరు.

మందు లాక్టులోజ్ సిరప్. రోజుకి 2, 3 సార్లు మెత్తగా విరేచనం కావాలి. తగ్గితే అమ్మోనియా లోపలే ఉండిపోతుంది, మరీ ఎక్కువైతే ఒంట్లో నీళ్ళు పోయి మళ్ళీ మగతే. మామగారిని కోడలు ఈ ప్రశ్న ఎలా అడుగుతుంది? అందుకే పాల లెక్క పక్కన ఆయనే పెన్సిలుతో చుక్కలు పెడతారు. నిన్నటి గడి ఖాళీ! తెనాలిలో పెళ్ళి, దారిలో ఇబ్బందని సిరప్ మానేశారట. అత్తయ్యగారికి కూడా చెప్పలేదు.

"చేతులు చాపండి మామయ్యా." ట్రాఫిక్ పోలీసు బండి ఆపినట్టు అరచేతులు ఎదురుగా పెట్టారు. నిలవలేదు, రెండుసార్లు టపటపమని వాలి లేచాయి. డాక్టర్ నేర్పిన ఆట ఒకటుంది: నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో చూడటం. మావాడు ఫోన్లో టైమ్ పెట్టాడు. ఆవు, గేదె, మేక, కుక్క... మళ్ళీ మేక. మొత్తం 8. పది లోపు పడితే ఫోన్ చెయ్యమన్నారు, చేశాను.

జ్వరం ఉందా, విరేచనం నల్లగా అయిందా అని అడిగారు. లేవు. సిరప్ ఎంత పెంచాలో చెప్పి, మనిషి పిలిస్తే పలక్కపోతే వెంటనే తీసుకొచ్చెయ్యమన్నారు. రాత్రి నిద్ర పట్టలేదన్నా నిద్రమాత్ర మాత్రం ఇవ్వొద్దట. నేను ఫోన్ పెట్టేసరికి అత్తయ్యగారు పప్పు గిన్నె పక్కకి పెట్టేశారు. ఎవరో ప్రొటీన్ విషమని చెప్పారు ఈవిడకి. పప్పూ పెరుగూ మానిపిస్తే కండ కరిగి జబ్బు ఇంకా ముదురుతుందని డాక్టర్ చెప్పినా ఆవిడకి నమ్మకం కుదరదు. వడ్డించేదాకా పక్కనే నిలబడ్డాను.

సాయంత్రానికి మూడు చుక్కలు. కళ్ళు తేటపడ్డాయి. మళ్ళీ ఆట ఆడితే 13 చెప్పారు.

"పద్నాలుగు. దోమ కూడా చెప్పాగా."

"దోమ జంతువు కాదు తాతయ్యా!"

"రాత్రంతా దాంతోనేగా నా కాపురం, కలుపు."