వెట్‌సూట్‌లో దూరడం, బయటపడటం: నా అనుభవం

డైవింగ్ నేర్చుకోవడానికి చేరినప్పుడు కష్టమంతా నీటి అడుగునే ఉంటుందని అనుకున్నాను. కాలికి తడి తగలకముందే, ఈతకొలను గట్టు మీద ముప్పావు గంట పాటు ఒక రబ్బరు దుస్తుతో పెనుగులాడవలసి వస్తుందని నేను గానీ, నాతో పాటే చేరిన మా అక్క గానీ ఊహించలేదు. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న వెట్‌సూట్‌ను ఇన్‌స్ట్రక్టర్ నా చేతికి ఇచ్చినప్పుడు, ఎవరో పిల్లలది పొరపాటున నాకు వచ్చిందనుకుని వెనక్కి ఇవ్వబోయాను. ఆవిడ దాన్ని నా భుజాలకు ఆనించి చూసి, "మీ కొలతేనండీ. ఒంటికి అతుక్కుని ఉండకపోతే ఇది ఎందుకూ పనికిరాదు" అన్నారు.

ఆ మాటకు కారణం కూడా ఆవిడే చెప్పారు. అది విన్న తరువాతనే ఆ బిగుతు మీద నాకు కోపం కొంత తగ్గింది. గాలి కన్నా నీరు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. వెట్‌సూట్ నీటిని పూర్తిగా ఆపదు. కొద్దిగా నీరు లోపలికి చేరి, ఒంటి వేడికి వెచ్చబడుతుంది. సూట్ వదులుగా ఉంటే, కాళ్లూ చేతులూ ఆడించినప్పుడల్లా ఆ వెచ్చని నీరు బయటికి పోయి, దాని చోట చన్నీరు వచ్చి చేరుతూ ఉంటుంది. అసలు చలిని అడ్డుకునేవి నియోప్రీన్ రబ్బరులో చిక్కుకుని ఉన్న సన్నని వాయుబుడగలు. ఒళ్లు పొడిగా ఉండనవసరం లేదనీ, బుడగలున్న రబ్బరు పొర ఉంటే చాలుననీ 1950ల మొదట్లో గ్రహించి ఈ దుస్తుకు రూపమిచ్చినవారు హ్యూ బ్రాడ్నర్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త. తొలినాళ్ల సూట్లకు లోపల గుడ్డ అతికించి ఉండేది కాదు. ఉత్త రబ్బరు చర్మానికి పట్టేయకుండా ఒళ్లంతా టాల్కమ్ పౌడర్ చల్లుకుని తొడుక్కునేవారట. ఇప్పటి సూట్‌కు లోపల నైలాన్ గుడ్డ ఉంటుంది కాబట్టి మన పని వాళ్లంత కష్టం కాదని ఆవిడ ధైర్యం చెప్పారు.

మొదటి పొరపాటు జిప్ దగ్గర జరిగింది. చొక్కా అయినా కోటు అయినా ముందువైపే మూసుకునే అలవాటు కొద్దీ, జిప్ ముందుకు వచ్చేలా పట్టుకుని కాళ్లు దూర్చాను. మడమ దాటడానికి అయిదు నిమిషాలు, పిక్క దాటడానికి మరో అయిదు నిమిషాలు పట్టాయి. నడుము దాకా ఎక్కించి ఊపిరి పీల్చుకుంటూ ఉండగా, వెనక నిలబడిన అక్క, "మోకాలి చిప్పల మీద ఉండాల్సిన పట్టీలు నీకు వెనక ఉన్నాయేమిటే?" అని అడిగింది. ఇద్దరం వంగి చూసుకున్నాం. తన పట్టీలూ వెనకనే ఉన్నాయి. ఈ సూట్‌కు జిప్ వీపు వైపు ఉండాలన్నమాట. ఎక్కించడానికి పట్టినంత సేపూ విప్పడానికి పట్టింది, అప్పటికి ఒళ్లు చెమటతో తడిసి ఉండటం వల్ల రెండోసారి మరింత పట్టేసింది.

అప్పుడు ఇన్‌స్ట్రక్టర్ ఒక ప్లాస్టిక్ కవర్ తెచ్చి ఇచ్చారు. పాదానికి కవర్ తొడిగి సూట్ కాలులోకి దూరిస్తే, మడమ ఎక్కడా పట్టుకోకుండా జారిపోతుంది. పాదం బయటికి రాగానే కవర్ లాగేసి రెండో కాలికి వాడుకోవచ్చు. ఇంత సులువైన ఉపాయం నాకు ముందే తెలిసి ఉంటే బాగుండేది. ఎడమ కాలు క్షణంలో దిగిపోయింది. కుడి కాలి దగ్గర నేను తొందరపడి కవర్‌ను గట్టిగా లాగితే అది చిరిగింది. చేతికి వచ్చిన ముక్కే మొత్తం కవర్ అనుకుని పక్కన పడేశాను. ఆ మిగతా ముక్క సంగతి తరువాత చెబుతాను.

కాళ్లు పూర్తయ్యాక తొడల దగ్గర బలంగా పైకి లాగబోయాను. ఎడమ బొటనవేలి గోరు కసుక్కున రబ్బరులోకి దిగింది. చెయ్యి తీసి చూస్తే నల్లని రబ్బరు మీద సరిగ్గా నెలవంక ఆకారంలో, గోరంత పొడవున, చిన్న చీలిక కనిపించింది. వేలితో కొద్దిగా సాగదీస్తే అది నోరు తెరిచినట్టు విచ్చుకుని లోపలి గుడ్డ బయటపడింది. వేరేవాళ్ల వస్తువును పాడుచేశానని నాకు నిజంగా బాధ కలిగింది. సూట్‌ను ఎప్పుడూ గోళ్లతో గిల్లి పట్టుకోకూడదు. వేళ్ల మెత్తని కొసలతో, చాలినంత రబ్బరును మడతగా పట్టుకుని లాగాలి. ఆ చీలికను ఆ సాయంత్రం నేనే బాగుచేశాను: రెండు అంచులకూ నియోప్రీన్ జిగురు పలుచగా రాసి, తడి ఆరి అంటుకునే స్థితికి వచ్చేదాకా ఆగి, అంచులను కలిపి గట్టిగా నొక్కి పట్టాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది తెలిసింది చేతులు దూర్చేటప్పుడే. భుజం దగ్గర సూట్ అందడం లేదని నేనూ అక్కా కలిసి పైనుంచి లాగుతూనే ఉన్నాం. ఎలాగో చేతులు దూరాయి, కానీ చేతిని భుజం ఎత్తు దాకా కూడా లేపలేకపోయాను. అక్క జిప్ తాడు పట్టుకుని, "ఊపిరి బిగబట్టు, వీపు ఎముకలు రెండూ దగ్గరికి తీసుకో" అంటూ మోకాలిని నా నడుముకు ఆనించి పైకి లాగింది. జిప్ సగంలో ఆగింది. లోపల వేసుకున్న ఈతదుస్తు అంచు పళ్లలో ఇరుక్కుంది. దాన్ని తప్పించి మళ్లీ లాగితే ఈసారి పైదాకా వెళ్లింది గానీ, మెడ పట్టీ మూసిన కాసేపటికే నాకు కళ్లు తిరిగినట్టయింది. ఇన్‌స్ట్రక్టర్ వెంటనే వచ్చి పట్టీ విప్పేశారు. మెడకు రెండు పక్కలా ఉండే పెద్ద రక్తనాళాల దగ్గర రక్తపోటును గుర్తించే నాడులు ఉంటాయనీ, అక్కడ ఒత్తిడి పడితే గుండె వేగం తగ్గి తల తిరుగుతుందనీ, అలా అనిపిస్తే ఓర్చుకోకుండా చెప్పాలనీ అన్నారు.

తరువాత ఆవిడ మా పొరపాటు ఎక్కడుందో చూపించారు. భుజాల దగ్గర సూట్ చాలకపోవడానికి కారణం భుజాల దగ్గర లేదు. గజ్జల దగ్గర నాలుగు వేళ్ల సందు మిగిలిపోవడమే కారణం. మళ్లీ నడుము దాకా విప్పించి, చీలమండ దగ్గర కొంచెం, పిక్క దగ్గర కొంచెం, మోకాలి మీద కొంచెం, ఇలా కింది నుంచి మిగులు రబ్బరును పైకి జరుపుకుంటూ వచ్చి, గజ్జలకు సూట్ పూర్తిగా ఆనిన తరువాతనే చేతులు దూర్చమన్నారు. ఈసారి భుజాలు వాటంతట అవే అందాయి, జిప్ అక్క ఒక్క చేత్తో పైకి వచ్చింది, మెడ మీద బరువూ తగ్గింది. బలం కన్నా వరుస ముఖ్యమని ఎవరైనా మొదటే చెప్పి ఉంటే మా ఇద్దరి చేతులు అంతగా నొప్పి పెట్టేవి కావు.

కొలనులోకి దిగాక, కాలు ఆడించినప్పుడల్లా కుడి పిక్క దగ్గర ఏదో నలుగుతున్నట్టు, మెల్లగా పాకుతున్నట్టు అనిపించసాగింది. నీటిలో మాట్లాడలేం కదా, పిక్క వైపు వేలు చూపించాను. కండరం పట్టేసిందని అనుకున్న ఇన్‌స్ట్రక్టర్, అలాంటప్పుడు చేయవలసిన పద్ధతి ప్రకారం, నా ఫిన్ (ఈదడానికి పాదానికి తొడిగే రెక్క) కొస పట్టుకుని పాదాన్ని నా వైపు నెడుతూ కాలు సాగదీశారు. నేను కాదని చెయ్యి ఊపాను. ఆవిడ ఇంకా గట్టిగా సాగదీశారు. ఆ కాలికి కండరాల నొప్పి ఆ తరువాత రెండు రోజుల దాకా రాలేదు గానీ, లోపలున్నది మాత్రం అక్కడే ఉండిపోయింది.

వారం తరువాత సముద్రంలో దిగినప్పుడు తొడుక్కోవడం పది నిమిషాల్లో అయిపోయింది. పది మీటర్ల లోతుకు చేరితే ఒత్తిడి రెట్టింపై రబ్బరులోని బుడగలు సగానికి కుదించుకుపోతాయి, అందువల్ల సూట్ పలుచబడుతుంది. గట్టు మీద అంతగా ఇబ్బంది పెట్టిన బిగుతు అక్కడ నాకు గుర్తే రాలేదు. ఆ హాయి ఒడ్డుకు వచ్చేదాకానే.

విప్పేటప్పుడు నేను చేతికి గడియారంలా కట్టుకున్న, లోతూ సమయమూ చూపించే డైవ్ కంప్యూటర్ తీయడం మరిచిపోయాను. భుజాల మీదుగా వెనక్కి ఒలిచిన సూట్ తిరగబడి రెండు మణికట్ల దగ్గరా ఆగిపోయింది. నా చేతులు రెండూ వీపు వెనక కట్టేసినట్టు ఉండిపోయాయి. ముక్కు మీద నీటి చుక్క తుడుచుకునే వీలు కూడా లేదు. అక్క కంగారుగా ఒక స్లీవ్ పట్టుకుని లాగితే నేను వెనక్కి రెండడుగులు నడిచాను గానీ స్లీవ్ రాలేదు. "లాగొద్దు, డైవ్ చేసి వచ్చిన వెంటనే అంత బలం పెట్టకూడదు" అని ఇన్‌స్ట్రక్టర్ ఆపారు. లోతులో ఒంట్లో కరిగిన నైట్రోజన్ ఇంకా మెల్లగా బయటికి పోతూ ఉంటుంది కాబట్టి, ఆ సమయంలో పెద్ద శ్రమ మంచిది కాదు. ఆవిడ నన్ను నడుము లోతు నీళ్లలోకి తీసుకెళ్లి, రెండు వేళ్లతో స్లీవ్ అంచు తెరిచి నీటిని లోపలికి రానిచ్చారు. రబ్బరుకూ చర్మానికీ మధ్య నీటి పొర చేరగానే కంప్యూటర్ పట్టీ ఆవిడ వేళ్లకు అందింది, దాన్ని విప్పాక చెయ్యి జారి బయటికి వచ్చింది. నీళ్లు కలిపి పలుచన చేసిన కండిషనర్‌ను మణికట్లకూ చీలమండలకూ రాసుకున్నా సులువవుతుందట. పెట్రోలియం జెల్లీ మాత్రం రబ్బరును పాడుచేస్తుంది కాబట్టి వాడకూడదు.

కాళ్ల దగ్గర అక్క సాయం చేసింది. నేను కూర్చుని కాళ్లు చాపితే, తను సూట్ రెండు కాళ్లూ పట్టుకుని లాగింది. మడమలు ఒక్కసారిగా వదిలేసరికి తను ఇసుకలో చతికిలపడింది, సూట్ మొత్తం తన ఒళ్లోకి వచ్చి పడింది. ఇద్దరం నవ్వు ఆపుకోలేకపోయాం.

దాన్ని తిరగేసి మంచినీళ్లతో కడుగుతూ ఉంటే కుడి కాలి లోపలి గుడ్డకు అతుక్కుని, నలిగి ఉండలా అయిన ప్లాస్టిక్ కవర్ ముక్క కనిపించింది. వారం రోజుల నాటిది. తీసి ఇన్‌స్ట్రక్టర్‌కు చూపిస్తే, ఆవిడ దాన్ని, నా పిక్కను మార్చి మార్చి చూసి, "అయ్యో, ఆ రోజు చూపించింది దీన్నా!" అన్నారు. తొడ దగ్గర నెలవంక చీలిక జిగురు వదలలేదు. సూట్‌ను ఎండ తగలకుండా నీడలో, నడుము దగ్గర మడిచి ఆరవేశాను.