'టొటోరో' లాంటిది ఇంకోటి చెప్పమంటే నేను చేసిన నిర్వాకం

నెలన్నర తర్వాత నిన్న రాత్రి అక్క నాతో మామూలుగా మాట్లాడింది. ఆ ఊపులోనే రాస్తున్నా.

మా అక్క కూతురు చిన్నికి ఎనిమిదేళ్లు. సెలవులకి వచ్చినప్పుడు 'మై నైబర్ టొటోరో' అనే జపాన్ బొమ్మల సినిమా చూపించాను. వారంలో నాలుగుసార్లు చూసింది. ఊరెళ్తూ "మామయ్యా, ఇలాంటిదే ఇంకోటి చెప్పవా" అంది. పదిహేనేళ్లుగా అనిమే, అంటే జపాన్ బొమ్మల సినిమాలు, సీరియల్స్ చూస్తున్నవాణ్ణి. ఆఫీసులో సగం మందికి 'డెత్ నోట్' పిచ్చి అంటించింది నేనే. ఇదో లెక్కా అనుకున్నా.

సినిమాలు చూసే యాప్‌లో టొటోరో పేరు కొడితే కింద 'ఇలాంటివే' అని ఓ వరస వచ్చింది. అందులో 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' ఉంది. టొటోరో తీసిన జిబ్లి స్టూడియోదే అదీ. తోబుట్టువులు ఇద్దరు, పెద్దవాడు చిన్నదాన్ని చూసుకుంటాడు. పైగా రెండూ జపాన్‌లో 1988 ఏప్రిల్ 16న ఒకే ఆటగా కలిపి విడుదలయ్యాయట. జాతకాలు ఇంతకన్నా ఏం కలుస్తాయి? అక్కకి మెసేజ్ పెట్టేశాను.

నేను ఆ సినిమా చూడలేదు. యుద్ధం కథ అని తెలుసు. బొమ్మల సినిమాయే కదా, ఎంత ఉంటుందిలే అనుకున్నా.

ఆదివారం అక్క టీవీలో అది పెట్టి, గారెలు వేయడానికి వంటింట్లోకి వెళ్లింది. తమ్ముడు చెప్పాడన్న ధీమా. సినిమా మొదలవడమే కోబేలోని రైల్వే స్టేషన్లో, స్తంభానికి ఆనుకుని ఆకలితో చచ్చిపోతున్న కుర్రాడితో మొదలవుతుంది. అక్క అది చూడలేదు. చివరి వాయి తీసేసరికి హాల్లోంచి చిన్ని గొంతు వినిపించిందట: "అమ్మా, ఆ పాప గోళీకాయలు ఎందుకు చప్పరిస్తోంది?"

ఫోన్ వచ్చింది. వెనకాల పిల్ల వెక్కిళ్లు.

"ఒరేయ్, నువ్వు చూసే చెప్పావా ఇది?"

"ఆఁ, చాలా గొప్ప సినిమా అక్కా."

"సరే, చివరికి ఏమవుతుందో చెప్పు."

నా దగ్గర జవాబు లేదు. అక్క ఫోన్ పెట్టేసింది. చదువు ఎగ్గొట్టి దొరికిపోయినప్పుడు కూడా నాకు అంత సిగ్గనిపించలేదు.

అక్కడితో అయిపోతే బాగుండు. చిన్ని తర్వాత వారం రోజులు దిండు కింద బిస్కెట్లు దాచిందట, 'ఆ పాపకి' అని. చీమలు పట్టాక బయటపడింది. ఆ తర్వాత చుట్టాల గృహప్రవేశంలో, బంతిలో అందరూ కూర్చున్నప్పుడు బావ మొదలుపెట్టాడు: "మా బావమరిది సినిమాలు బాగా చెప్తాడండీ. ముందు ఇంట్లో చీమల మందు కొనిపెట్టుకోండి." పప్పు వడ్డిస్తున్నాయన కూడా నవ్వాడు.

ఆ రాత్రే కూర్చుని సినిమా చూశాను. దాని తప్పేమీ లేదు. నొసాకా అకియుకి 1967లో రాసిన కథ అది. యుద్ధంలో ఆయన చెల్లెలు తిండిలేక పోయింది. ఆ బాధ నుంచి పుట్టిన కథని ఇసావో తకహాతా సినిమా తీశాడు. పెద్దవాళ్లకి ఇది నచ్చితే 'బేర్‌ఫుట్ జెన్' మాంగా (జపాన్ బొమ్మల కథల పుస్తకం) చదవమనండి. హిరోషిమా బాంబు నుంచి బతికి బయటపడ్డ మనిషి గీసింది. 'ఇన్ దిస్ కార్నర్ ఆఫ్ ది వరల్డ్' కూడా. ఎనిమిదేళ్ల పిల్లకి మాత్రం వద్దు.

మా ఆఫీసులో ఒకడు "షోనెన్ అని ఉన్నవి చూపించు అన్నా, పిల్లలకి సేఫ్" అని ఉచిత సలహా ఇచ్చాడు. అది వినకండి. షోనెన్ (కుర్రాళ్లకి), సేనెన్ (పెద్దయిన మగవాళ్లకి) అనేవి మాంగా కథలు వచ్చే పత్రిక ఏ వయసు పాఠకుల కోసమో చెప్పే పేర్లు. లోపల ఏముందో అవి చెప్పవు. పుస్తకంలో పేర్లు రాసి మనుషుల్ని చంపే 'డెత్ నోట్' వచ్చింది కూడా షోనెన్ పత్రికలోనే.

ఈసారి చిన్నినే అడిగాను, వీడియో కాల్లో. టొటోరోలో నీకు ఏది నచ్చింది? పిల్లి బస్సు అంటుందనుకున్నా. "చిన్న పాప ఆసుపత్రిలో ఉన్న అమ్మకి మొక్కజొన్న పొత్తు ఇద్దామని ఒక్కతే వెళ్తుంది కదా, అది" అంది. పోయినేడు అక్కకి ఆపరేషన్ అయినప్పుడు చిన్ని పది రోజులు మా ఇంట్లోనే ఉంది. నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

ఇక వెతకడం తేలికైపోయింది. చిన్న పిల్ల, పెద్ద పని, పక్కన మంచి ఇరుగుపొరుగు. స్టూడియో ఏదైతేనేం? 'కికీస్ డెలివరీ సర్వీస్' అందుకే పంపాను. పదమూడేళ్ల పిల్ల ఇల్లు వదిలి, తెలియని ఊళ్లో చీపురుకట్ట మీద సామాన్లు చేరవేసే కథ. పంపేముందు చివరి పేర్లు పడేదాకా మళ్లీ చూశాను. తర్వాత 'యొత్సుబా' మాంగా మొదటి మూడు సంపుటాలు ఇంగ్లీషువి కొరియర్ చేశాను. ఐదేళ్ల పిల్ల, నాన్న, పక్కింటి అక్కలు, అంతే కథ. అక్కకి విడిగా 'బరాకమోన్' అనే అనిమే సీరియల్ చెప్పాను. పెద్దాయన మీద చెయ్యి చేసుకుని ఓ దీవికి వెళ్లాల్సివచ్చిన చేతిరాత కళాకారుడు, అతన్ని వదలని ఊరి పిల్లలు. పన్నెండు ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో చూసేసిందట. నిన్నటి ఫోన్ దాని గురించే.

మాటల మధ్యలో నవ్వు ఆపుకుంటూ ఇంకో సంగతి చెప్పింది. పార్శిల్ విప్పింది బావేనట. మాంగా కుడి నుంచి ఎడమకి చదవాలని ఆయనకి తెలియదు. మొదటి పేజీ వెనకాల ఉంది, ప్రింటింగ్ తప్పు, బావమరిదిని ఎవరో మోసం చేశారని మూడు పుస్తకాలూ సంచిలో పెట్టుకుని, వాపసు ఇచ్చేద్దామని బండి స్టార్ట్ చేశాడట. చిన్ని గేటు దాకా పరిగెత్తి ఆపింది.

వచ్చే నెల మా ఇంట్లో పూజ ఉంది. బంతిలో బావ పక్కన నేనే కూర్చుంటాను.