ఇద్దరి గుర్తులూ కలిశాయి, కానీ…

న్యూజెర్సీలో ఆటిజం ఉన్న పిల్లలకు చికిత్స అందించే ఒక సంస్థలో పనిచేస్తున్నాను. 40 గంటల శిక్షణ తీసుకుని టెక్నీషియన్‌గా, అంటే పిల్లలతో నేరుగా కూర్చుని నేర్పే మనిషిగా చేరాను. ఇప్పుడు పరిశీలకురాలి పని కూడా నాదే. టెక్నీషియన్ బాబుతో కూర్చుంటే, నేను ఓ మూల చెక్‌లిస్టు పట్టుకుని, రాసిన పద్ధతి ప్రకారమే అంతా జరుగుతోందో లేదో గుర్తులు పెడతాను.

ఐదేళ్ల బాబు. మాటలు లేవు. పాలు కావాలంటే బొమ్మ కార్డు అందివ్వడం నేర్పుతున్నాం. కార్డు ముందు పెట్టి 5 సెకన్లు ఆగాలి. అప్పటికీ తీయకపోతేనే చేయి పట్టి సాయం చేయాలి. వారాలు గడిచినా బాబు తనంతట తాను కార్డు తీయలేదు. నా చెక్‌లిస్టులో మాత్రం "ఆగింది" దగ్గర వరుసగా టిక్కులే. రెండో పరిశీలకురాలితో పోల్చితే 90 శాతానికి పైగా కలిశాయి. 80 దాటితే చాలంటారు. ఇక పద్ధతే పనికిరాదని, మార్చేద్దామని అనుకున్నాం.

మార్చేముందు మా సూపర్‌వైజర్ వీడియో పెట్టి, స్టాప్‌వాచ్ చేతికిచ్చారు. రెండో సెకనుకే టెక్నీషియన్ చేయి కదిలింది. అప్పటికే బాబు చూపుడువేలు బల్ల మీద నుంచి కొద్దిగా లేచి ఉంది. ఆమె అరచేయి దాన్ని కప్పేసింది. ఆ వేలిని నేను అన్ని వారాలూ చూడలేదు.

పరిశీలకులం ఇద్దరం పక్కపక్కనే కూర్చుని, ఒకేలా పొరబడ్డాం. పరిశీలకుల లెక్క నెమ్మదిగా గాడి తప్పుతుందని శిక్షణలోనే చెప్పారు. తమను ఎవరూ తనిఖీ చేయడం లేదనుకుంటే పరిశీలకుల నమోదు దెబ్బతింటుందని 1970లోనే జాన్ రీడ్ అనే పరిశోధకుడు చూపించాడు. నా విషయంలో ఇంకొకటి కూడా ఉంది. ఈ దేశానికి వచ్చిన మొదటి చలికాలం, మంచు పడే సాయంత్రాల్లో నన్ను కారులో ఇంటి దగ్గర దింపింది ఆ టెక్నీషియనే. ఆమె పేరు పక్కన తప్పు గుర్తు పెట్టడానికి నాకు చేయి రాలేదు. ఆ మొహమాటానికి మూల్యం చెల్లించింది బాబు.

ఆమెకు వీడియో చూపించినప్పుడు ఒక్క మాట కూడా అనలేదు. ఆ వేలు లేచే చోటు రెండుసార్లు వెనక్కి తిప్పి చూసుకుంది.

ఇప్పుడు పరిశీలకులం ఇద్దరం వేర్వేరుగా గుర్తులు పెడుతున్నాం. సెకన్లు మనసులో కాదు, వాచీలో లెక్కపెడుతున్నాం. మొన్న మంగళవారం ఆ టెక్నీషియన్ చేతులు ఒళ్లో పెట్టుకుని ఆగింది. నాలుగో సెకనులో బాబు కార్డు అంచు పట్టుకున్నాడు.