పాత హోటల్లో గది అంటే, ఏ వింగ్‌లో గది?

ముంబై తాజ్‌మహల్ ప్యాలెస్‌లో గది తీసుకున్నామని సంబరపడేవాళ్లలో చాలామంది నిజానికి పడుకునేది 1973లో కట్టిన టవర్‌లో. ఇందులో హోటల్ చేసిన మోసమేమీ లేదు. బుకింగ్ కాగితంలో టవర్ అని రాసే ఉంటుంది, దాన్ని చదవకుండా డబ్బు కట్టేస్తారంతే. ఎర్ర గుమ్మటం, పెద్ద మెట్లవరుస, పొడవాటి వసారాలు ఉన్న 1903 నాటి కట్టడం పక్కనే ఉంటుంది. టీ తాగడానికి అక్కడికి వెళ్లొచ్చు, ఫొటోలు దిగొచ్చు. గది మాత్రం ఏ మహానగరంలోనైనా దొరికే మంచి అయిదు నక్షత్రాల గదే.

ప్రపంచమంతటా పేరున్న పాత హోటళ్లలో సగం చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. జెట్ విమానాలు వచ్చాక ప్రయాణికులు పెరిగారు, పాత కట్టడాల్లో గదులు చాల్లేదు. దాంతో పక్కనో వెనకో కొత్త బ్లాకులు లేచాయి. బ్యాంకాక్ ఓరియంటల్ 1876 నుంచి నడుస్తోంది, కానీ అక్కడ ఎక్కువ గదులున్నది 1976లో కట్టిన రివర్ వింగ్‌లో. పాత కట్టడమైన ఆథర్స్ వింగ్‌లో కొద్ది సూట్లు, ఒక టీ లాంజ్ మాత్రమే ఉన్నాయి. హనోయ్ మెట్రోపోల్‌లో 1901 నాటి హిస్టారికల్ వింగ్ వేరు, 1990లలో చేర్చిన ఒపేరా వింగ్ వేరు. ఈజిప్టులో అస్వాన్ ఓల్డ్ క్యాటరాక్ట్‌లో 1899 నాటిది ప్యాలెస్ వింగ్. నైల్ వింగ్ 1961లో న్యూ క్యాటరాక్ట్ పేరుతో కట్టింది.

టోక్యో ఇంపీరియల్ కథ వేరే. హోటల్ పేరు 1890 నాటిది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ గీసిన కట్టడం 1923లో ప్రారంభమైన రోజే వచ్చిన మహాభూకంపాన్ని తట్టుకుంది. దాన్ని 1968లో పడగొట్టి ఆకాశహర్మ్యం కట్టారు. రైట్ కట్టిన ప్రవేశమంటపం చూడాలంటే నగోయా దగ్గరున్న మేజీ మురా అనే ఆరుబయలు మ్యూజియానికి వెళ్లాలి. అందుకే వెబ్‌సైట్‌లో ‘ఫలానా ఏడాది నుంచి’ అని కనిపిస్తే అది సంస్థ వయసా, మీరు పడుకోబోయే గోడల వయసా అన్నది ముందు తేల్చుకోండి.

అలాగని పాత వింగే ఎప్పుడూ మేలనీ కాదు. హాంకాంగ్ పెనిన్సులా 1928లో తెరిచినప్పుడు ముందు గదుల్లోంచి హార్బర్ కనిపించేది. 1980లో ఎదురుగా స్పేస్ మ్యూజియం వచ్చి ఆ చూపుకు అడ్డుపడింది. నీళ్లు చూడాలంటే 1994లో వెనక లేచిన 30 అంతస్తుల టవర్‌లో పై గదులే గతి. అక్కడ చరిత్రను లాబీలో టీ తాగుతూ చూసి, టవర్‌లో పడుకోవడమే తెలివైన పని.

తాజ్ దగ్గరికి మళ్లీ వద్దాం. ప్యాలెస్ వింగ్ అని ఖాయం చేసుకున్నాక మిగిలేది ఏ వైపు అన్న ప్రశ్న. సముద్రం వైపు గదికి అద్దె ఎక్కువ, గేట్‌వే ఆఫ్ ఇండియా కిటికీ ముందే ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఆ ఆవరణలో పోగయ్యే జనం సందడి కూడా కిటికీ ముందే ఉంటుంది. నిద్ర పలచగా పట్టేవాళ్లకు ఈత కొలను వైపు గదులు నయం. ఆ కొలను ఉన్న వైపే ఒకప్పటి ముఖద్వారం, ఊళ్లోంచి గుర్రపు బగ్గీలు అటునుంచే వచ్చేవి. ప్లాను తిరగేసి కట్టారని తెలిసి ఆర్కిటెక్టు ప్రాణం తీసుకున్నాడని గైడ్లు చెప్పేది కట్టుకథ. సీతారాం ఖండేరావ్ వైద్య కట్టడం పూర్తికాక ముందే చనిపోయాడు, తర్వాత డబ్ల్యు.ఎ. ఛాంబర్స్ ముగించాడు. 1903లో గేట్‌వే అన్నదే లేదు, అది పూర్తయింది 1924లో.

మన హైదరాబాద్ ఫలక్‌నుమా లెక్క ఇంకో రకం. అక్కడ కొత్త టవర్ లేదు. పైగా పాలస్ ముందుభాగమంతా చూడ్డానికే, అందులో దర్బారు గదులు, గ్రంథాలయం, ఒకేసారి 101 మంది కూర్చునే భోజనాల బల్ల ఉన్నాయి. 60 గదుల్లో ఎక్కువ భాగం వెనకవైపు, ఒకప్పటి జెనానా, అంటే రాణివాసపు ఆవరణ చుట్టూ ఉంటాయి. 1884లో పునాది వేయించింది ముందుముందు నిజాం ప్రధాని కాబోయే వికారుల్ ఉమ్రా. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది, పదేళ్ల మరమ్మతుల తర్వాత 2010 నవంబరులో హోటలైంది. అక్కడ సూట్ తీసుకున్నా, అన్నిటికన్నా తక్కువ అద్దె గది తీసుకున్నా సాయంత్రం పాలస్ చూపించే నడక అందరికీ ఒకటే. ఒక్క రాత్రికి వెళ్లేవాళ్లు సూట్‌కి పెట్టే అదనపు డబ్బుతో భోజనం కానిస్తే ఎక్కువ తృప్తి.

వేళ కూడా చూసుకోవాలి. గది ఇచ్చేది మధ్యాహ్నం 2కి, ఖాళీ చేయాల్సింది మర్నాడు 12కి. రాత్రి ఎనిమిదికి చేరితే పాలస్ నడకా పోతుంది, కొండమీంచి పాతబస్తీ మీద పొద్దువాలడం చూసే వీలూ పోతుంది. సికింద్రాబాద్ నుంచి సాయంత్రం చార్మినార్ మీదుగా వెళ్దామనుకోకండి, ఇంజన్ బౌలి చేరేసరికి సహనం అయిపోతుంది. ఆరాంఘర్, చాంద్రాయణగుట్ట వైపు నుంచి రావడం మేలు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి వచ్చేవాళ్లకు ఎలాగూ అదే దారి.

బుక్ చేసేముందు హోటల్‌కి నేరుగా ఒక ఈమెయిల్ రాయండి. బుకింగ్ సైట్లలో ‘డీలక్స్ రూమ్’ అని ఉంటుంది, వింగ్ పేరు ఉండకపోవచ్చు. ‘రన్ ఆఫ్ హౌస్’ అని ఉంటే ఏ గది ఇవ్వాలన్నది పూర్తిగా హోటల్ ఇష్టం, పాత హోటల్లో దాన్ని ముట్టుకోవద్దు. ఈమెయిల్లో అడగాల్సినవి ఇవి: గది ఏ వింగ్‌లో, ఏ అంతస్తులో, కిటికీ ఎటు తెరుచుకుంటుంది, పక్క గదిలోకి తలుపు ఉందా, స్నానానికి టబ్బేనా షవర్ విడిగా ఉందా, ఆ తేదీల్లో మరమ్మతులేమైనా జరుగుతున్నాయా. జవాబు ప్రింటు తీసి దగ్గరుంచుకోండి. చివర్లో ఇంకో వాక్యం తప్పకుండా రాయండి: “ఉచితంగా పెద్ద గది ఇచ్చినా సరే, వింగ్ మాత్రం మార్చవద్దు.” ఇది చాలామందికి తట్టదు. రిసెప్షన్‌లో మర్యాదకొద్దీ ఒక మెట్టు పై గది ఇస్తారు, అది కొత్త టవర్‌లో ఉంటుంది. థాంక్స్ చెప్పి తాళం తీసుకున్నాక మళ్లీ మార్చమనడం కష్టం.

పక్క గదిలోకి తలుపు గురించి ఎందుకంటే, వెనకటి రోజుల్లో కుటుంబాలు పనివాళ్లతో సహా వచ్చి దిగేవి. అందుకని గదుల మధ్య తలుపులు పెట్టేవాళ్లు. ఇప్పుడు వాటికి గడియ వేసి ముందు బీరువా పెడతారు కానీ మాటలు వినిపిస్తూనే ఉంటాయి. గోడ రెండడుగుల మందమున్నా తలుపు చెక్క అంగుళం మందమే కదా.

పై అంతస్తు అడగడం కొత్త హోటళ్ల అలవాటు. లిఫ్టులు రాకముందు కట్టినవాటిలో మంచి గదులు మొదటి, రెండో అంతస్తుల్లో ఉండేవి, మెట్లెక్కే బాధ తక్కువని. యూరప్ హోటళ్లలో కప్పు కింది అంతస్తు పనివాళ్లది. అక్కడి గదులకు ఎత్తు తక్కువ, కిటికీలు చిన్నవి, ఎండాకాలం వేడి.

బాత్రూం విషయం పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందే తెలుసుకోవాలి. చాలా పాత హోటళ్లలో గదికో బాత్రూం మొదట్లో లేదు, తర్వాత పడగ్గదిలో ఒక మూల కోసి కట్టారు. మురుగు గొట్టానికి వాలు కావాలి కాబట్టి నేల లేపాల్సి వచ్చింది, అందుకే గడప దగ్గర ఒక మెట్టు. రాత్రి లేచినప్పుడు అక్కడే కాలు తట్టుకుంటుంది. కాళ్లున్న ఇనప టబ్బు ఫొటోలో అందంగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ దాని అంచు దాటి దిగడం మాత్రం పెద్ద గండం. షవర్ విడిగా ఉన్న గదే అడగండి. వేడినీళ్లు రాలేదని వెంటనే ఫోన్ చేయకుండా కుళాయి రెండు నిమిషాలు వదలండి. గొట్టాలు పొడవైతే అందులో నిలిచిన చన్నీళ్లు ముందు పోవాలి.

కిటికీలు కూడా అంతే. వారసత్వ కట్టడంగా నమోదైతే బయటికి కనిపించే చట్రాలు ఇష్టమొచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. రెండు పొరల అద్దాలు బిగించలేకపోతే వీధి చప్పుడు లోపలికి వస్తుంది. ఇయర్‌ప్లగ్‌లు జేబులో ఉండాలి.

సింగపూర్ రాఫెల్స్ లాంటి చోట ఉక్క ఇంకో చిక్కు. 1899 నాటి ప్రధాన భవనంలో కప్పులు 14 అడుగుల ఎత్తు, గదుల ముందు వరండాలు. ఏసీ 18లో పెట్టి వరండా తలుపు తెరిచి ఉంచితే బయటి తేమగాలి చల్లటి అద్దం మీద, చలువరాయి మీద నీళ్లై కూర్చుంటుంది. నేల జారుతుంది, తివాచీ వాసనేస్తుంది. 24 దగ్గర పెట్టి తలుపు మూసుకోండి. కెమెరాని గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్స్ మసకబారుతుంది. సంచిలోనే ఉంచి వరండాలో ఓ ఇరవై నిమిషాలు పెట్టి తర్వాత తీయండి.

డబ్బు లెక్కకి వద్దాం. ఆగ్నేయాసియాలో ధర పక్కన రెండు కూడిక గుర్తులుంటే, సర్వీస్ చార్జీ, పన్ను దాని మీద వేరుగా పడతాయని అర్థం. సింగపూర్‌లో 1,000 డాలర్ల గదికి ముందు 10 శాతం సర్వీసు, 1,100. దాని మీద 9 శాతం పన్ను. మొత్తం 1,199. బ్యాంకాక్‌లో 10 శాతం సర్వీసు మీద 7 శాతం పన్ను, 10,000 బాత్‌లకు 11,770 అవుతుంది. మన దేశంలో రోజుకు 7,500 రూపాయలు దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, అంటే 40,000 గదికి బిల్లు 47,200. ఇలాంటి హోటళ్లలోని రెస్టారెంట్లలో భోజనానికి కూడా 18 శాతమే, బయట హోటళ్ల 5 శాతం కాదు. మన దేశంలో భోజనం బిల్లులో సర్వీస్ చార్జీని హోటళ్లు తమంతట తామే కలపకూడదని 2022లో వినియోగదారుల ప్రాధికార సంస్థ చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు దాన్ని సమర్థించింది. కనిపిస్తే తీసేయమని అడగొచ్చు.

చెకిన్‌లో డెబిట్ కార్డు ఇవ్వకండి. అడ్వాన్సుగా పట్టి ఉంచిన మొత్తం మీ ఖాతాలోంచే ఆగిపోతుంది, ఖాళీ చేశాక తిరిగి రావడానికి రోజులు పడుతుంది. క్రెడిట్ కార్డైతే అది పరిమితిలోంచి మాత్రమే తగ్గుతుంది. విదేశంలో బిల్లు కట్టేటప్పుడు మిషన్ ‘రూపాయల్లోనా?’ అని అడిగితే వద్దని ఆ దేశపు కరెన్సీయే ఎంచుకోండి, రూపాయల్లో చూపే మారకపు రేటు దాదాపు ఎప్పుడూ ఎక్కువే.

మరమ్మతులకు మూసిన హోటల్ ఫలానా నెలలో తెరుస్తామంటే నమ్మి డబ్బు వాపసు రాని గది తీసుకోవద్దు. లండన్ సెవాయ్ 2007 డిసెంబరులో మూసి 2009లో తెరుస్తామన్నారు, తెరిచింది 2010 అక్టోబరులో. రాఫెల్స్ 2017 డిసెంబరులో పూర్తిగా మూసి 2018 మధ్యకల్లా అన్నారు, తెరిచేసరికి 2019 ఆగస్టు. పాత గోడ విప్పితే గానీ లోపలి కుళ్లు, తుప్పు బయటపడవు, అంచనాలు తప్పేది అందుకే. ఒక భాగం తెరిచి ఒక భాగంలో పని సాగుతుంటే డ్రిల్లింగ్ ఏ గంటల్లో అని అడగండి.

రాత్రి బస వద్దనుకుంటే టీ చాలు. తాజ్‌లో సీ లాంజ్, ఫలక్‌నుమాలో జేడ్ టెర్రస్, రెండింటికీ ముందే బుక్ చేసుకోవాలి. ఫలక్‌నుమాలో బుకింగ్ లేకుండా కొండ కింది గేటు దాటలేరు. లండన్ రిట్జ్‌లో టీకి మగవాళ్లకు కోటు, టై తప్పనిసరి. నిక్కర్లు, చెప్పులు ఎక్కడా వద్దు. ఇస్తాంబుల్ పేరా ప్యాలెస్‌లో ఆధునిక టర్కీ నిర్మాత అతాతుర్క్ దిగిన 101వ గది అద్దెకివ్వరు, మ్యూజియంగా చూపిస్తారు. తెరిచి ఉండే గంటలు తక్కువ, ముందు ఫోన్ చేసి వెళ్లండి.

శాకాహారులకు ఒక జాగ్రత్త. టీతో వచ్చే మూడంతస్తుల పళ్లెంలో మామూలుగా చేప, గుడ్డు, హామ్ శాండ్‌విచ్‌లు ఉంటాయి. వెజిటేరియన్ అంటే విదేశాల్లో గుడ్డు ఉండొచ్చనే అర్థం, పై అంతస్తు మూస్‌లలో, జెల్లీల్లో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ కూడా ఉంటుంది. మాంసం, చేప, గుడ్డు, జెలటిన్ నాలుగూ వద్దని పేరుపేరునా రెండు రోజుల ముందే రాయండి. టేబుల్ దగ్గర చెబితే వాళ్లు చేయగలిగేది దోసకాయ శాండ్‌విచ్‌లు రెట్టింపు చేసి పెట్టడమే.