ఏసీ ఫ్యాన్ తిరగడం లేదా? గ్యాస్ అనే ముందు మేడెక్కి చూడండి

ఏసీ చల్లగా రావడం లేదనగానే మా హన్మకొండలో ఎవరైనా మొదట అనే మాట, "గ్యాస్ అయిపోయి ఉంటది" అని. ఏసీలో గ్యాస్ వాడేకొద్దీ తరిగిపోయేది కాదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంటుంది, ఎక్కడైనా లీకైతే తప్ప తగ్గదు. అందుకే గ్యాస్ మాట ఎత్తేముందు మేడెక్కి, అవుట్‌డోర్ ఫ్యాన్ తిరుగుతుందో లేదో చూడమని అందరికీ చెబుతుంటాను. ఈ ఎండాకాలం మా ఇంట్లోనూ సరిగ్గా అదే జరిగింది.

రోహిణి కార్తె ఎండలు. నయీంనగర్‌లో మా ఇంటి అవుట్‌డోర్ యూనిట్ మేడ మీద పడమటి వైపు ఉంటుంది. మధ్యాహ్నం పడుకున్న అమ్మ పిలిచింది. "బిడ్డా, మిషన్ నడుస్తనే ఉంది గని సల్లగ అయితలేదు." లోపల గాలి వస్తోంది కానీ అది ఉత్త ఫ్యాన్ గాలే. అమ్మకు బీపీ, ఆ ఉడుకపోతకు ఆయాసపడుతుంటే నాకు టెన్షన్ మొదలైంది. ఫోన్ చేస్తే వచ్చిన మెకానిక్ అవుట్‌డోర్ మూత కూడా విప్పకుండానే గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పే కంప్రెసర్ పోయిందన్నాడు, గ్యాస్ కూడా నింపాలన్నాడు, పది వేలు దాటుతుందన్నాడు. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. కారణం చూపించకుండా లెక్క చెబితే ఎట్లా ఒప్పుకుంటాను? వచ్చినందుకు ఇవ్వాల్సింది ఇచ్చి పంపేసి, కాకకు ఫోన్ చేశాను. కాజీపేట ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో పనిచేసి రిటైరైన మనిషి, మోటార్ల సంగతి ఆయనకు తెలిసినంత మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఆయన వచ్చేలోపు మేడెక్కి చూశాను. కంప్రెసర్ గుర్రుమంటోంది. ఫ్యాన్ రెక్కలు మాత్రం కదలడం లేదు. మోటార్ నుంచి సన్నగా జుయ్‌మని శబ్దం వస్తోంది. వెనక కాయిల్ (గ్యాస్ తిరిగే పైపుల చుట్ట) దగ్గర చెయ్యి పెడితే సెగ కొడుతోంది. కాసేపటికి టక్కుమని కంప్రెసర్ ఆగిపోయింది. గదిలోంచి లాక్కొచ్చిన వేడిని బయటికి పంపేది ఆ ఫ్యానే. అది ఆగితే వేడి కాయిల్‌లోనే ఉండిపోతుంది, గ్యాస్ ప్రెషర్ పెరుగుతుంది, కంప్రెసర్ ఎక్కువ కరెంటు లాగుతుంది. అప్పుడు ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్ దాన్ని ఆపేస్తుంది, చల్లారాక మళ్లీ వదులుతుంది. ఇట్లా ఆగుతూ నడుస్తుంటే "కొంచెమన్నా చల్లగ ఉంది కదా" అని నడపనివ్వకండి. ఫ్యాన్ తిరగడం లేదని తెలిసిన వెంటనే ఏసీ ఆపేయాలి. లేకపోతే ఆ మెకానిక్ చెప్పింది నిజమయ్యేదాకా, అంటే కంప్రెసర్ కాలేదాకా పోతుంది.

కాక వస్తూనే అడిగింది ఒకటే. "మెయిన్ బంద్ జేసినవా? రిమోట్‌తోని ఆపితే ఆపినట్టు గాదు." ఎంసీబీ, అంటే ఏసీకి కరెంటు ఇచ్చే బ్రేకర్ స్విచ్ దించాక ఒక సన్న కట్టెపుల్ల జాలీలోంచి దూర్చి రెక్కను కదిలించాడు. హాయిగా తిరిగింది. అంటే బేరింగ్ పట్టేయలేదు, రెక్కలకు ఏదీ అడ్డం లేదు. మళ్లీ కరెంటు ఇచ్చి, అదే పుల్లతో రెక్కను కొద్దిగా నెట్టాడు. ఫ్యాన్ అందుకుని జోరుగా తిరిగింది! చెయ్యి మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, అందుకున్న రెక్క వేలు తీసేస్తుంది.

నెడితే తిరుగుతుంది, దానంతటది మొదలవదు అంటే ముందు అనుమానించాల్సింది కెపాసిటర్‌నే. మనిళ్లకు వచ్చేది సింగిల్ ఫేజ్ కరెంటు. దానితో మోటార్‌లో పుట్టే అయస్కాంత బలం ఒకే గీత మీద అటూ ఇటూ ఊగుతుంది తప్ప గుండ్రంగా తిరగదు. ఇసుర్రాయి పిడిని నేరుగా ముందుకూ వెనక్కూ లాగితే రాయి తిరగనట్టే ఇదీ. పక్కకు కూడా తోయాలి. ఆ పక్క తోపు కోసం మోటార్‌లో రెండో వైండింగ్ (తీగ చుట్ట) ఉంటుంది, అందులో కరెంటు కొంచెం వేరే సమయంలో పారేలా చేసేది కెపాసిటర్. అది బలహీనపడితే మోటార్ జుయ్‌మంటూ నిలబడిపోతుంది.

ఎండాకాలంలోనే ఎందుకు పోతుందంటే, దీనికి వేడి పడదు. లోపల ప్లాస్టిక్ పొర మీద పలుచటి లోహపు పూత ఉంటుంది. ఎక్కడైనా చిన్న చిల్లు పడితే చుట్టూ ఉన్న పూత ఆవిరైపోయి ఆ చోటు షార్ట్ కాకుండా విడిపోతుంది. అట్లా కొంచెం కొంచెం పోతూ సామర్థ్యం తగ్గుతుంది. దీనికి తోడు లో వోల్టేజీ. మోటార్ తిప్పే బలం వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 రావాల్సిన చోట 180 వస్తే బలం దాదాపు 60 శాతానికి పడిపోతుంది. మామూలప్పుడు ఎట్లాగో నెట్టుకొచ్చే కెపాసిటర్ అందరి ఏసీలూ నడిచే రాత్రి పూట చేతులెత్తేస్తుంది.

మళ్లీ ఎంసీబీ దించాక కాక మూత విప్పాడు. కరెంటు తీసినా కెపాసిటర్‌లో ఛార్జి ఉండిపోతుంది, షాక్ కొడుతుంది. ఆయన పాత 100 వాట్ల బల్బుకు రెండు వైర్లు తగిలించి తెచ్చాడు. వాటిని టెర్మినళ్లకు ఆనించి ఛార్జి దించాకే చెయ్యి పెట్టాడు. మాది ఇన్వర్టర్ కాని పాత టన్నున్నర స్ప్లిట్, అందులో కంప్రెసర్‌కు పెద్దది, ఫ్యాన్‌కు చిన్నది విడివిడిగా ఉన్నాయి. చిన్నదాని మీద దాని సామర్థ్యం 2.5 మైక్రోఫారడ్ అని రాసి ఉంది, మల్టీమీటర్ 1 కూడా చూపలేదు. అసలు 5 శాతం అటూ ఇటూ మాత్రమే ఉండాలి. వైర్లు పీకకముందే నేను ఫోన్‌తో ఫొటో తీశాను. వరంగల్ చౌరస్తా దగ్గర కొత్తది కొన్నాం, రెండు వందల లోపే అయింది. మైక్రోఫారడ్ సరిగ్గా అదే ఉండాలి. మీద రాసిన వోల్టేజీ, మాదాంట్లో 440, అంతే ఉండాలి లేదా ఎక్కువ ఉండాలి, తక్కువ వద్దు.

నెట్టినా తిరగకపోతే సంగతి వేరు. మోటార్ ముట్టుకోలేనంత వేడిగా ఉంటే వేడెక్కితే మోటార్‌ను ఆపే లోపలి థర్మల్ కట్ పడి ఉండొచ్చు, చల్లారాక చూడాలి. చల్లారాక కూడా వైండింగ్‌లో రీడింగ్ రాకపోతే మోటార్ మార్చాల్సిందే. ఎంసీబీ దించి పుల్లతో కదిపినప్పుడు రెక్క బిగుసుకుని తిరిగితే తప్పు బేరింగ్‌ది. ఉడుతలు వైరు కొరకడం, జాలీలో కందిరీగలు గూడు పెట్టడం మా వీధిలో మామూలే. ఎనుమాముల మార్కెట్ వైపు ఉండే మా ఆడబిడ్డ ఇంట్లో అయితే కాయిల్ రెక్కల నిండా పత్తి నూగు పట్టింది. అది ఫ్యాన్‌ను ఆపదు గానీ గాలి ఆడనివ్వదు, నీళ్లతో మెల్లగా కడగాలి.

ఇన్వర్టర్ ఏసీ అయితే ఈ పుల్ల పరీక్ష అక్కరకు రాదు. చాలావాటిలో అవుట్‌డోర్ ఫ్యాన్ డీసీ మోటార్, దాన్ని బోర్డే నడుపుతుంది, ఇట్లాంటి కెపాసిటర్ ఉండదు. ఆ బోర్డు మీదున్న పెద్ద కెపాసిటర్లలో 300 వోల్టుల పైనే డీసీ నిలిచి ఉంటుంది, ఇంట్లో వాళ్లు మూత విప్పకపోవడమే మంచిది. డిస్‌ప్లేలో వచ్చే ఎర్రర్ కోడ్ రాసిపెట్టుకుని, ఫ్యాన్ తిరుగుతుందా, జుయ్‌మంటుందా, అసలు శబ్దమే లేదా అన్నది మెకానిక్‌కు ఫోన్‌లోనే చెప్పండి.